సముద్రం వైపు గోడ

పోయిన నెల మా పేటకి వెళ్ళాను. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని మా పేట ఇప్పుడు ఊరి చివర ఇసకపర్ర కాదు, పట్నానికి శివారు. రోడ్డు వెడల్పయింది. ఆటో దిగిన మలుపులో పెద్ద బోర్డు ఒకటి పాతారు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో ‘ఇక్కడ చూడదగిన స్థలాలు’ అని రాసి, కింద నాలుగు ఫొటోలు వేసి, ఏది ఎంత దూరమో బాణం గుర్తులు పెట్టారు. మొదటిది అమ్మవారి గుడి. రెండోది దర్గా. మూడోది చర్చి. నాలుగోది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. అది మిల్లు షావుకారి మేడ. దాని కింద ‘ప్రాచీన భవనం. గుల్ల సున్నపు పూతకు ప్రసిద్ధి’ అని రాసి ఉంది.

ఎండలో నిలబడి ఆ ముక్క మూడుసార్లు చదివాను. ఆటో కుర్రాడు నేను దారి తప్పాననుకుని, ఎక్కడికెళ్ళాలో చెప్పమన్నాడు. దారి నాకు బాగానే తెలుసు. పుట్టిన చోటు. ఆ సున్నం ఎవరు కాల్చారో, ఏ గోడకి పూయడానికి కాల్చారో, అది ఆ మేడ గోడకి ఎలా చేరిందో ఇంకా చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అలా చేరడంలో నా పాత్ర కూడా ఉంది. అందుకే ఆ బోర్డు రాసినవాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో, అందులో కొంత నా మీదికే తిరిగింది.

బోర్డు మీద ఫొటోలన్నీ రోడ్డు వైపు నుంచి తీసినవే. గుడికి ముఖద్వారం, దర్గాకి ఆకుపచ్చ గేటు, చర్చికి మెట్లు. మా చేపల వాళ్ళకి వాటి ముఖం అటు ఉండేది కాదు. మాకు లెక్కలోకి వచ్చేది వాటి వీపు, సముద్రం వైపు గోడ. ఏరు సముద్రంలో కలిసే చోటుని మేం మొగ అంటాం. పడవలు అక్కడినుంచే లోపలికి రావాలి. రెండు పక్కలా నీటి కింద ఇసక మేటలు. అల అక్కడే విరుగుతుంది. నీళ్ళ మీదనుంచి చూస్తే తీరమంతా ఒకే గీత, తాటి చెట్లూ సరుగుడు తోటలూ ఒకేలాగ కనిపిస్తాయి. మొగ ఎక్కడుందో చెప్పేవి ఈ మూడు కట్టడాలే. దర్గా గుమ్మటం మీద చర్చి గంటగూడు సరిగ్గా కూర్చున్నట్టు కనిపిస్తే పడవ మొగకి ఎదురుగా ఉన్నట్టు. గుడి గోడ ఎడమ పక్కన విడిగా కనిపిస్తూ ఉండాలి. అది గంటగూడు చాటుకి పోయిందంటే అటుపక్క రాళ్ళు.

నాకు ఇది నేర్పింది చిన్నమావ. మా అమ్మకి తమ్ముడు, అమ్మమ్మకి కడగొట్టు కొడుకు. అప్పటికి పెళ్ళి కాలేదు. నాకు పదేళ్ళుంటాయి. ఒకసారి పడవ మొగలో కట్టి ఉన్నప్పుడు నన్ను ఎక్కించుకుని కాస్త బయటికి తీసుకెళ్ళి, ఒడ్డు వైపు తిప్పి చూపించాడు.

“సూడే గుంటా, గుమ్మటం నెత్తిమీద గంటగూడు కూకున్నాదా? అలాగ కూకుంటే తిన్నగా ఎల్లిపోడమే. పక్కకి జరిగిందంటే మేట మింగేస్తాది.”

చూశాను. నిజంగానే రెండూ ఒకటై, ఒకే తెల్లటి మనిషి నిలబడినట్టు కనిపించాయి. రోడ్డు మీద ఆ రెండింటికీ మధ్య మూడు వీధులుండేవి. సాయిబుల వీధి, ఒడియా వాళ్ళ ఖాజా కొట్టున్న వీధి, ఆ తరవాత చర్చి వీధి. ఓడరేవు ఉన్న రోజుల్లో ఎక్కడెక్కడినుంచో కొలువులకి వచ్చి ఉండిపోయినవాళ్ళ సంతానం ఆ వీధుల నిండా ఉండేది. నీళ్ళ మీదికి వెళితే ఆ వీధులేవీ కనిపించవు.

గోడ తెల్లగా ఉంటేనే కనిపిస్తుంది. మా వైపు వానలకి ఒక్క ఏడాదిలో గోడ నల్లగా పాచి పడుతుంది. అందుకని కార్తీకం వెళ్ళి తుఫానుల భయం తగ్గాక, మంచు పట్టే రోజులకి ముందే, మూడింటికీ సముద్రం వైపు గోడకి సున్నం కొట్టే పని మా చేపల వీధిది. ఎప్పటినుంచో అంతే. మూడు గోడలకీ మేమే కొట్టేవాళ్ళం. ముందువైపు ఎవరి రంగు వాళ్ళ ఇష్టం, వెనక గోడ మాత్రం మాది.

ఆ సున్నం కొట్లో కొన్నది కాదు. పిల్లలందరం మొగ దగ్గర గుల్లలు ఏరేవాళ్ళం. చేతులు ఉప్పుకి చీరుకుపోయేవి. ఆ గుల్లల్ని ఊకతో కలిపి బట్టీలో కాల్చేది మా అమ్మమ్మ. పొద్దున చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్ళి అమ్ముకొచ్చి, చోడంబలి తాగి, మధ్యాహ్నం బట్టీ దగ్గర కూర్చునేది. కాలిన గుల్లల్ని కుండలో వేసి నీళ్ళు పోస్తే కుండ బుసబుసమని పొంగి, వేడి ఆవిరి ముక్కుకి ఘాటుగా తగిలేది. మమ్మల్ని దూరంగా నిలబెట్టేది. వారం రోజులు నానాక అందులో తుమ్మ జిగురు కలిపేది. ఆ తెలుపు వేరు. కొట్లో సున్నం ఎండకి పసుపు తిరుగుతుంది, గుల్ల సున్నం ఎండలో మెరుస్తుంది. దూరంనుంచి చూసి ఇది అమ్మమ్మ సున్నమని చిన్నమావ చెప్పగలిగేవాడు.

సున్నం కొట్టే మూడు రోజులూ మాకు పండగే. దర్గా చూసుకునే ముజావరు, మేమంతా సాయిబు తాత అనేవాళ్ళం, నెయ్యీ బెల్లం వేసి నలిపిన మలీదా ఆకుల్లో పెట్టేవాడు. చర్చి దగ్గర కొబ్బరి బన్నులూ అల్లం టీ. గుడి దగ్గర పులిహోర. ఏ చోటికి ముందు వెళ్ళాలో తిండిని బట్టి మేం పిల్లలం ఓట్లు వేసుకునేవాళ్ళం. మలీదా ఎప్పుడూ గెలిచేది.

ఆ ఏడాది గుడి కమిటీకి మిల్లు షావుకారు పెద్దయ్యాడు. బియ్యం మిల్లు ఆయనది. మనిషి చెడ్డగా మాట్లాడేవాడు కాదు, అదే నాకిప్పటికీ కోపం. నవ్వుతూ మాట్లాడేవాడు. జేబులో నువ్వుల జీళ్ళు పెట్టుకుని కనిపించిన పిల్లకల్లా ఒకటి ఇచ్చేవాడు. కమిటీలో కూర్చుని నవ్వుతూనే చెప్పాడట. అమ్మవారి గుడికి తను ఆయిల్ రంగు వేయిస్తున్నాడు కాబట్టి ఇక సున్నంతో పని లేదు, మన చేతులతో మన చెమటతో ఇంకొకళ్ళ గోడలకి పూయడం ఎందుకు, వాళ్ళ గోడ వాళ్ళు చూసుకుంటారు అని. మా వీధి మగాళ్ళు ఒక్కరూ నోరెత్తలేదు. బట్టీకి ఊక ఆయన మిల్లునుంచే రావాలి, వలలు ఆరేసే జాగా ఆయనది. నోరెత్తింది అమ్మమ్మ ఒక్కతే, అదీ గుడి బయట నిలబడి.

“అమ్మోరికి రంగెయ్యి బాబూ, ఎవులొద్దన్నారు? నడిసంద్రంలో ఉన్నోడికి దేవుడు పేరుతో పనేటి? తెల్లగా ఉన్నాదా నేదా, అదే సూస్తాడు.”

ఆయన నవ్వి, ముసల్దానివి నీకివన్నీ ఎందుకని పంపేశాడు. మర్నాటినుంచి మిల్లులో మాకు ఊక లేదన్నారు. గుడికి పసుపూ ఎరుపూ రంగులు పడ్డాయి. దర్గా, చర్చి గోడలు ఆ ఏడాది వానల నలుపుతో అలాగే ఉండిపోయాయి.

అమ్మమ్మ ఊరుకునే మనిషి కాదు. కొబ్బరి పీచూ తాటి మట్టలూ పోగుచేసి, రెండు కుండలకి సరిపడా గుల్లలు కాల్చింది. ఆ రెండు కుండలూ వలల కొట్టంలో మూలన పెట్టి పైన పాత వల కప్పింది. వారం నానాలి కదా. ఎవరితోనూ అనొద్దని నాకు చెప్పింది. సాయిబు తాతకీ చర్చి ఉపదేశికీ కబురు పెట్టింది, నిచ్చెన సిద్ధంగా ఉంచమని.

ఆ సున్నం నానడానికి ఇంకో రెండు రోజులుందనగా, చిన్నమావ మరో నలుగురితో మూడు రోజుల వేటకి బయల్దేరుతూ, గోడలు నల్లగా ఉన్నాయి, మంచు పడితే ఎలాగని గొణిగాడు. పడవ నీళ్ళలోకి తోస్తుంటే అమ్మమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చెప్పింది.

“నువ్వు తిరిగొచ్చీసరికి గంటగూడు తెల్లగా ఉంటాది. నాను సెప్తన్నాను కదా, ఎల్లు.”

ఆ మాట నేను విన్నాను. ఆ మాట విని కూడా, ఆ పగలే, నేను చేసిన పని చేశాను.

షావుకారు అప్పుడు చర్చికి దక్షిణంగా నాలుగు వీధులవతల కొత్త మేడ కట్టిస్తున్నాడు. పై గదికి ఇంకా పూత పడలేదు, ఇటుకలు ఎర్రగా కనిపిస్తున్నాయి. మేం పిల్లలం అక్కడి ఇసక గుట్ట మీద జారుడు ఆట ఆడేవాళ్ళం. ఆయన కుర్చీ వేసుకుని పని చూస్తున్నాడు. నన్ను పిలిచి నువ్వుల జీడి ఇచ్చాడు. మీ అమ్మమ్మ బట్టీ వెలిగించినట్టు పొగ కనిపించింది, సున్నం బాగా కుదిరిందా అని అడిగాడు. బాగా కుదిరిందన్నాను. ఎక్కడ పెట్టిందని అడిగాడు. నా నోటినిండా జీడి ఉంది. వలల కొట్టంలో, పాత వల కింద అని చెప్పాను. నన్నెవరూ బెదిరించలేదు. కొట్టలేదు. ఒక పెద్దమనిషి నాతో పెద్దదానితో మాట్లాడినట్టు మాట్లాడాడని సంబరపడి చెప్పాను. ఇంకో జీడి ఇచ్చాడు. అది మర్నాటికి దాచుకున్నాను.

మర్నాడు అమ్మమ్మ సంతకి వెళ్ళిన వేళ ఇద్దరు పనివాళ్ళు వచ్చి కుండలు కావిడిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. అమ్మమ్మ తిరిగొచ్చేసరికి వల పక్కకి తీసి ఉంది, నేల మీద రెండు గుండ్రటి తడి మచ్చలున్నాయి. నన్ను చూసింది. నా పై పెదవి మీద నువ్వు గింజ ఒకటి అంటుకుని ఉంది. చీర చెంగుతో దాన్ని తుడిచింది.

తిన్నగా మేడ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. షావుకారు అదే నవ్వుతో, గుడి పేరు చెప్పి ఏరిన గుల్లలు కనక సున్నం గుడి సొత్తే, గుడికి అక్కర్లేదు కనక పాడైపోకుండా వాడుతున్నానని చెప్పాడు. పైన పనివాళ్ళు అప్పటికే రెండో చెయ్యి వేస్తున్నారు. పై గదికి, సముద్రం వైపు గోడకి. ఎండకి అది మెరుస్తోంది.

అమ్మమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి తట్ట తీసుకుని నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ గుల్లలు ఏరడానికి వెళ్ళింది. నానబెట్టడానికి వారం లేదు, పచ్చి సున్నమైనా సరే పూస్తానంది. రెండు రోజులు ఇద్దరమే ఏరాం. మూడో రోజు తెల్లవారాక బట్టీ వెలిగిస్తుంటే మంచు పట్టి ఉంది.

పడవ వచ్చింది. తెరచాప మసగ్గా కనిపించింది. ఒడ్డునున్న ఆడవాళ్ళు ముందుగా కనిపెట్టారు, అది మొగకి కాకుండా మేట వైపు పోతోందని. అందరూ కొంగులు ఊపారు, అరిచారు. అల చప్పుడులో ఎవరి గొంతూ అక్కడిదాకా వెళ్ళలేదు. అమ్మమ్మ బట్టీ దగ్గర మండుతున్న మట్ట అందుకుని నీళ్ళలోకి పరిగెత్తింది. మంచులో ఆ మంట ఎంత కనిపిస్తుంది? పడవ మేట మీద పడి తిరగబడింది. నలుగురు ఈదుకుంటూ వచ్చారు. చిన్నమావని మధ్యాహ్నం అల తీసుకొచ్చింది.

చుక్కాని దగ్గర కూర్చున్న మనిషి ఆ సాయంత్రం మా వాకిట్లో కూలబడి చెప్పాడు. మంచులో ఒకటే తెలుపు కనిపించిందట, ఎత్తుగా. కింద గుమ్మటం నల్లగా నీడలా కనిపించిందట. వెళ్ళేటప్పుడు ఎర్ర ఇటుకలుగా ఉన్న మేడ అలా మెరుస్తుందని వాళ్ళకేం తెలుసు? ఎవరో అనుమానపడితే చిన్నమావ నవ్వాడట.

“‘అది గుల్ల సున్నం తెలుపురా, నాకు తెల్దేటి. మాయమ్మ మాట నిలబెట్టీసింది, దాన్ని పట్టుకుని పోనియ్యి’ అన్నాడు పిన్నీ. ఆడు సెప్పినట్టే పోనిచ్చినాను.”

చిన్నమావ చూసింది అమ్మమ్మ సున్నమే. అందులో అతని పొరపాటేమీ లేదు.

ఆ తరవాత పేటలో ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. నుదుటి గీత అలా ఉందన్నారు. మంచు అన్నారు. వయసులో ఉన్నవాడి దూకుడన్నారు. సున్నం సంగతి అందరికీ తెలుసు, ఒక్కళ్ళూ ఎత్తలేదు. షావుకారు పరామర్శకి వచ్చి కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. మర్నాడు బట్టీకని రెండు బస్తాల ఊక పంపించాడు. అమ్మమ్మ ఆ బస్తాలు ముట్టుకోలేదు. వీధిలో దింపిన చోటే వాటిని వదిలేసింది. వానకి తడిసి, ఊకలో మిగిలిన వడ్లు మొలకలెత్తి, చీకిపోయేదాకా అవి అక్కడే ఉన్నాయి. అటు నడిచే ప్రతివాడూ వాటిని తప్పుకుని నడవాల్సి వచ్చింది. ఆయన మాత్రం నిండా బతికి, ఆ మేడలోనే పోయాడు. ఇప్పుడు దానికి బోర్డు.

ఊరుకోలేక వార్డు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. ఆ నాలుగో ఫొటో తీసేయమన్నాను. లేదా ఆ సున్నం ఎవరిదో రాయమన్నాను. మొత్తం విన్నాడు. అర్జీ రాసివ్వండి మేడమ్, ఏదైనా ఆధారం ఉంటే జతచేయండి అన్నాడు. ఇప్పుడు పడవలన్నీ ఫోన్లు చూసుకుని వచ్చేస్తున్నాయి కదా, ఈ గోడల సంగతి ఎవరికి కావాలని కూడా అన్నాడు. ఫోన్లు చూసుకుని వస్తే సంతోషమే, క్షేమంగా రానీ. ఫోన్లు వచ్చాయి కదా అని దొంగిలించిన సున్నం ఆయన సొంతమైపోతుందా? అడిగాను. ఆ కుర్రాడు అర్జీ కాగితం ఒకటి నా ముందుకి తోశాడు.

ఆధారం కోసం చర్చి వెనక్కి వెళ్ళాను. సముద్రం వైపు గోడకి గులాబి రంగు వేశారు. ఏసీ పెట్టెలు బిగించారు. గంటగూడుకీ నీళ్ళకీ మధ్య అపార్ట్‌మెంట్లు లేచాయి. చెయ్యి అందినంత ఎత్తులో గోరుతో గీకి చూశాను. గులాబి కింద నీలం, నీలం కింద పసుపు, దాని కింద తెలుపు. గోటి నిండా వచ్చిన ఆ తెల్లటి పొడి కాగితంలో మడిచి అర్జీకి జతచేశాను. ఇంకా జవాబు రాలేదు. మళ్ళీ వెళతాను.

ఆ అర్జీలో ఒకటి రాయలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

చిన్నమావ కర్మకాండలన్నీ అయ్యాక అమ్మమ్మ కొత్త సున్నం కుండలు బయటికి తీసింది. ఆ పొద్దున ఆవిడా నేనూ చర్చి వెనక్కి వెళ్ళేసరికి సాయిబు తాత దర్గా నిచ్చెన భుజాన మోసుకొచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. చర్చి ఉపదేశి నీళ్ళ బిందెలు తెచ్చాడు. కాసేపటికి మా వీధి మగాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకుని వచ్చారు. ఆ ఏడు మలీదా లేదు, బన్నులు లేవు. అమ్మమ్మ ఈత మట్ట కొట్టి చేసిన కుంచె ఒకటి నా చేతికిచ్చింది. అంతకుముందెప్పుడూ పిల్లలకి కుంచె ఇచ్చేది కాదు.

నేను గోడ దగ్గర కూర్చుని నాకు అందిన చోట పూస్తున్నాను. సున్నం చేతుల మీదికి కారి మండుతోంది. ఇంక ఆపుకోలేకపోయాను. గోడ వైపే చూస్తూ, కుండలెక్కడున్నాయో షావుకారికి నేనే చెప్పానన్నాను. వెనక ఆవిడ కుంచె చప్పుడు ఆగింది.

“తెలుసులే,” అంది. “కిందన రుద్దితే ఎవులికి కనబడతాది? పైకి రుద్దు.”

లేచి నిలబడ్డాను. మునివేళ్ళ మీద నిలబడినా నా చెయ్యి పైకి అందలేదు. అమ్మమ్మ తన కుంచె కింద పెట్టి, నా నడుం పట్టుకుని, నన్ను పైకి ఎత్తింది.